మంద మేసిన కొండలు

ఇంగ్లాండు దేశపు నైరృతి భాగమున, డెవన్ మండలము నడుమ, గ్రానైటు శిలపై ఎత్తుగా లేచి నిలిచిన డార్ట్‌మూర్ అను ఉన్నతభూమిని తొలిసారి చూచిన యాత్రికునకు, మానవహస్తము సోకని ప్రకృతి యిదియే గాబోలునని తోచుట సహజము. శిఖరములపై ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండరాళ్లు, వాని క్రింద కనుచూపుమేర వ్యాపించిన గడ్డి, వేసవి చివర ఊదారంగు పూలతో నిండు హెదర్ పొదలు, అడుగు మోపిన దిగబడు నాచునేలలు, ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన, ఎడతెగని గాలి, పొగమంచు: ఇవియే అచ్చటి సంపద. చెట్టు అరుదు, ఇల్లు అరుదు, కంచె అంతకంటె నరుదు. ఐనను ఈ భూమి మనుష్యుని యెఱుగని భూమి గాదు. మూడున్నర వేల యేండ్లకు పూర్వమే కంచుయుగపు జనులు ఇచ్చట క్రోసుల పొడవున రాతిగట్లు వేసి, గుండ్రని రాతియిండ్లు కట్టుకొని, పసులను మేపిరి. ఆ గట్ల జాడలు నేటికిని కొండవాలులపై స్పష్టముగా గానవచ్చును. అడవి తొలగి బయలేర్పడుటకును, ఏర్పడిన బయలు మరల అడవి కాకుండుటకును మేతయే ముఖ్యకారణము. ఇట్టి భూమిని వన్యప్రాణుల కొఱకు కాపాడవలెనన్న, దానిని తీర్చిన మందలను ఏమి చేయవలెనను ప్రశ్న నేడు బ్రిటన్‌లో తీవ్రవివాదమై నిలిచినది. తలల లెక్క యొక్కటియే చూచువారు ఈ ప్రశ్నకు సరియైన ఉత్తరము చెప్పజాలరనియు, ఏ పశువు, ఏ ఋతువున, ఏ చోట, ఎవరి కనుసన్నలలో మేయుచున్నదో విచారించినపుడే భూమియు, పక్షియు, కాపరియు నిలుతురనియు నా నమ్మకము. ఆ నమ్మకమునకు గల ఆధారములను పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసము పని.

మూర్ అనబడు ఇట్టి బయలుభూమి స్వభావమును మొదట తెలిసికొనవలెను. నేల ఆమ్లగుణము గలది. వానయు చలియు నధికము. ఎత్తైన చోట్ల నీరు ఇంకక నిలిచి, గాలి చొరని ఆ తడిలో చచ్చిన నాచు కుళ్లక, పొరపై పొరగా పేరుకొని, పీట్ అను నల్లని మెత్తని నేల యగును. అది పెరుగుట యేడాదికి సుమారొక మిల్లీమీటరు మాత్రమే. అనగా మీటరు మందము గల పీట్ పొర ఏర్పడుటకు వేయియేండ్లు పట్టును. స్ఫాగ్నమ్ అను నాచు దీనికి ప్రాణము. అది తన బరువునకు ఎన్నో రెట్లు నీటిని ఇముడ్చుకొని, కురిసిన వానను మెల్లమెల్లగా విడుచుచు, డార్ట్, టేవీ, టీన్ మొదలగు నదులకు మూలాధారమై యున్నది. బ్రిటన్ దేశపు పీట్ భూములయందు 300 కోట్ల టన్నులకు మించిన కర్బనము దాగియున్నదని శాస్త్రజ్ఞుల అంచనా; ఆ నేల యెండి పగిలినచో ఆ కర్బనము గాలిలో కలిసి భూతాపమును పెంచును. పీట్ పలుచబడిన వాలులపై హెదర్, బిల్‌బెర్రీ వంటి పొట్టిపొదలు పెరుగును. ఇంకను దిగువను గడ్డియు, ఫెర్న్ జాతికి చెందిన బ్రాకెన్ అను పొదయు వ్యాపించును.

ఈ అంతరువులలో ప్రాణులు తమతమ అవసరములను బట్టి చోటు వెదకికొనును. బంగారురంగు చుక్కల గోల్డెన్ ప్లోవర్ పక్షికి పొట్టిగా మేసిన బయలు ప్రియము. నలుదిక్కుల శత్రువును కనిపెట్టుటకు దానికట్టి బయలే కావలెను. క్రిందికి వంగిన పొడవైన ముక్కు గల కర్ల్యూ, గూటికి కొంత ఎత్తైన గడ్డిని, పిల్లల మేతకు పొట్టిగడ్డిని, ముక్కు దింపుటకు తడినేలను ఒక్కచోటనే కోరును. మెడో పిపిట్ అను పిచ్చుకంత పక్షి గడ్డిదుబ్బుల నడుమ గూడు కట్టగా, కోకిలజాతికి చెందిన కుక్కూ ఆ గూటిలో తన గ్రుడ్డునుంచి పోవును. డన్లిన్ అను చిన్ని నీటిపక్షి సంతానమును కను ప్రదేశములలో ప్రపంచమున అత్యంత దక్షిణమున నున్నవానిలో డార్ట్‌మూర్ ఒకటి. మార్ష్ ఫ్రిటిలరీ అను సీతాకోకచిలుక, ఎత్తుపల్లములుగా మేసిన తడి పచ్చికలో నొక నీలిపూల మొక్కపై మాత్రమే గ్రుడ్లు పెట్టును. ఇన్ని ప్రాణుల ఇన్ని కోరికలను ఒక్క ఎత్తున పెరిగిన గడ్డి తీర్పజాలదు. పొట్టిది, పొడవుది, తడిది, పొడిది, పొదగలది, పొదలేనిది పక్కపక్కన నుండవలెను. ఆ వైవిధ్యమును కలిగించునది పశువు నోరు. దానిని మాపివేయునదియు పశువు నోరే. వివాదమంతయు ఈ రెండు సత్యముల నడుమనే పుట్టినది.

డార్ట్‌మూర్ 1951లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. దాని విస్తీర్ణము 954 చదరపు కిలోమీటర్లు. అందు సుమారు 36,000 హెక్టార్లు ఉమ్మడి మేతభూములు. ఈ భూములకు యజమానులు వేఱుగా నున్నారు. నడుమనున్న పెద్దభాగము యువరాజునకు చెందిన కార్న్‌వాల్ డచీది. అయినను చుట్టుపట్ల గ్రామములలోని కొన్ని పొలములను సాగుచేయువారికి ఆ పొలముల వెంట వంశపారంపర్యముగా వచ్చిన మేతహక్కు కలదు. మధ్యయుగములనాటి ధర్మము మిక్కిలి వివేకవంతమైనది: ఎవ్వడైనను తన సొంతపొలములోని గడ్డితో శీతకాలమంతయు పోషింపగలిగినన్ని పసులనే వేసవిలో కొండపైకి తోలవలెను గాని, అంతకు మించి తోలరాదు. ఈ నియమమువలన కొండపై పసుల సంఖ్య దిగువనున్న పొలముల శక్తికి ముడివడి, తనంతట తానే మితములో నుండెడిది. 1965లో ఉమ్మడి భూముల నమోదు చట్టము వచ్చినపుడు, హక్కులు స్థిరసంఖ్యలుగా దస్త్రములకెక్కినవి. అనేకచోట్ల వ్రాయించుకొన్న సంఖ్యలు భూమి భరింపగల సంఖ్యలను మించిపోయినవి. తరువాత 1985లో ప్రత్యేకచట్టము చేసి, హక్కుదారుల పరిపాలనకై ఒక మండలిని నెలకొల్పి, మేతను క్రమపఱచు నధికారమును దానికిచ్చిరి.

కంచె లేని కొండపై ఎవరి మంద యెక్కడ మేయునన్న సందేహము మనకు కలుగవచ్చును. దీనికి సమాధానము గొఱ్ఱెలోనే యున్నది. తల్లిగొఱ్ఱె తాను పుట్టిపెరిగిన కొండభాగమును విడువదు. దాని వెంట తిరిగిన పిల్ల వాన వచ్చినపుడు ఏ బండచాటున నిలువవలెనో, మంచు పడినపుడు ఏ వాలుకు దిగవలెనో, ఏ బురదను తప్పించుకొనవలెనో తల్లివలన నేర్చుకొని, పెరిగి తల్లియై తన పిల్లకు నేర్పును. ఇట్లు తరతరములుగా మందకును నేలకును ఏర్పడిన ఈ బంధమే కంచెలకు మాఱుగా నిలిచినది. ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ కొండలపై మేయు హెర్డ్‌విక్ గొఱ్ఱెలయందును ఇదే గుణము కలదు. పిల్లల కథలు వ్రాసి ప్రపంచప్రసిద్ధి గాంచిన బియాట్రిక్స్ పాటర్ ఆ జాతిని స్వయముగా పెంచి, 1943లో గతించునపుడు తన పొలములను నేషనల్ ట్రస్టు అను సంరక్షణ సంస్థకు అప్పగించి, వానిపై ఆ జాతి మందలు నిలువవలెనని కోరెను. 2001లో గాలికుంటు వ్యాధి బ్రిటన్‌ను పీడించి 60 లక్షలకు పైగా పశువులు వధింపబడినపుడు, పోయినది పశుధనము మాత్రమే కాదని కొండవాసులు తెలిసికొనిరి. మంద యంతయు పోయిన కొండకు క్రొత్త గొఱ్ఱెలను తెచ్చి విడిచిన, వానికి ఆ కొండ తెలియదు. ఏండ్ల తరబడి కాపరి వెంటనుండి తిరిగి నేర్పవలసియుండెను. మందలను నిర్మూలింపుమనువారు ఈ విషయమును మఱవరాదు. విద్య యొకసారి తెగినచో, మనసు మార్చుకొన్న మఱునాడు దానిని తిరిగి కొని తేలేము.

ఇంతటి ప్రాచీనమైన యేర్పాటు చెడిపోవుటకు కారణమేమి? యుద్ధకాలమున ఆహారపు కొఱతతో క్రుంగిన బ్రిటన్, 1946లో కొండవ్యవసాయ చట్టమును చేసి, ఎత్తుభూముల రైతులకు విరివిగా సహాయమొసగుట మొదలిడెను. 1973లో ఐరోపా కూటమిలో చేరిన పిమ్మట 1975 నుండి వెనుకబడిన ప్రాంతముల సహాయమును, 1980 నుండి గొఱ్ఱెల ప్రోత్సాహకమును వచ్చినవి. ఈ సహాయములలో అధికభాగము పశువుల తలల సంఖ్యను బట్టి చెల్లింపబడుచుండెను. ఎన్ని గొఱ్ఱెలో అంత ధనము. బీదరైతు బ్రతుకునకు అది ఆధారమగుట నిజమే. కాని కొండ ఎంత భరించునో ఆ లెక్కలో ఎచ్చటను లేదు. 1980 ప్రాంతమున బ్రిటన్‌లో సుమారు మూడుకోట్లుగా నున్న గొఱ్ఱెలు 1990 తరువాత నాలుగుకోట్లు దాటినవి. పూర్వము శీతకాలమున దిగువ పొలములకు దింపబడు మందలు, మూటలతో తెచ్చి వేసిన మేతతో కొండపైనే నిలుచుట యధికమయ్యెను. శీతకాలమున గడ్డి యెండిపోగా పచ్చగా మిగులు కొద్ది మేతలలో హెదర్ ముఖ్యము. ఆకలిగొన్న గొఱ్ఱె దానినే కొఱికి తినును. మేత వేసిన తావుల చుట్టు త్రొక్కుడు హెచ్చి పొదలు నశించినవి. నల్లనేల బయటపడి వానకు కొట్టుకొనిపోయినది. చేసినవాడు రైతే యైనను, చేయించినది ప్రభుత్వపు లెక్కయని చెప్పక తప్పదు.

కీడు గ్రహించిన పిదప విధానము మాఱెను. 1994లో డార్ట్‌మూర్‌ను పర్యావరణ సున్నితప్రాంతముగా ప్రకటించి, మందలను తగ్గించిన రైతుకు పైకమిచ్చుట మొదలిడిరి. 2001లో కొండసాయమును తలల సంఖ్యనుండి విడదీసి విస్తీర్ణమునకు ముడిపెట్టిరి. 2005లో ఇతర చెల్లింపులును పశుసంఖ్యతో సంబంధము లేనివైనవి. గొఱ్ఱెలు తగ్గినవి, పసులును, కొండగుఱ్ఱములును తగ్గినవి. అంతటితో హెదర్ మరల కొండనంతయు కప్పునని ఎదురుచూచినవారికి నిరాశయే మిగిలెను. హెదర్‌కు బదులు పెక్కుచోట్ల మొలీనియా అను గడ్డి విజృంభించినది. ఈ గడ్డి వసంతము చివర మొలకెత్తి, రెండు మూడు నెలలు మాత్రము పశువునకు రుచించు పచ్చిమేతగా నుండి, పిదప గరుకెక్కి, శరత్కాలమున ఆకులు రాల్చి గోధుమవన్నె చొప్పయై నేలను కప్పును. ఏటేట పేరుకొన్న ఆ చొప్పక్రింద నాచు గాని, హెదర్ మొలక గాని, చిన్నపూల మొక్క గాని తలయెత్తలేదు. మోకాలి యెత్తు దుబ్బుల నడుమ పక్షి నడువలేదు, పశువు మేయలేదు. గొఱ్ఱె దీనిని ముట్టక, మిగిలియున్న కొద్దిపాటి హెదర్‌నే వెదకి తినును. అందుచేత నొకే కొండపై ఒకవైపు మేత చాలక చొప్ప పేరుకొనుటయు, వేఱొకవైపు మేత మితిమీరి పొద నశించుటయు ఏకకాలమున జరుగుచున్నవి. ఇట్టిచోట సగటు లెక్కలు చెప్పి, పశువులు ఎక్కువ యనుటకు గాని తక్కువ యనుటకు గాని అర్థము లేదు.

మొలీనియా విజృంభణకు మేత యొక్కటియే కారణము గాదు. పూర్వము పీట్ నేలలలో నీరు తీయుటకై త్రవ్విన కాలువలును, పీట్ కోసికొనిపోయిన గోతులును నేలను ఎండజేసినవి. యంత్రములనుండియు, వాహనములనుండియు, పశుశాలలనుండియు వెలువడిన నత్రజని వానతో కలిసి కొండపై పడి, బీదనేలలో బ్రతుకుటకు అలవడిన హెదర్‌కు కీడును, ఎరువు దొరికిన గడ్డికి మేలును చేసినది. తఱుచుగా పెట్టిన నిప్పు పొదను కాల్చి, వేళ్లు లోతున గల మొలీనియాకు చోటిచ్చినది. హెదర్‌ను తిను పురుగు మిగిలిన పొదలను దెబ్బతీసినది. ఇన్ని కారణముల ఫలమును కాపరి నెత్తిన మాత్రమే పెట్టుట న్యాయము గాదు; కాపరికి ఇందు పాలు లేదనుటయు సత్యము గాదు.

మేతను తొలగించినంతమాత్రమున ప్రాణిరక్షణము జరుగునను భ్రమకు, డార్ట్‌మూర్ అంచుననే జరిగిన యొక విషాదము తిరుగులేని సమాధానము. లార్జ్ బ్లూ అను నీలివన్నె సీతాకోకచిలుక అడవితైము పూలపై గ్రుడ్లు పెట్టును. పుట్టిన పురుగు కొన్నాళ్లు ఆ పూవును తిని, నేలకు రాలి, తీయని ద్రవమును స్రవించి ఒకజాతి ఎఱ్ఱచీమను మభ్యపెట్టును. ఆ చీమ దానిని తన పిల్లయని భ్రమించి పుట్టలోనికి మోసికొనిపోగా, ఈ పురుగు పదినెలల కాలము ఆ చీమపిల్లలనే తిని పెరిగి, వేసవిలో రెక్కలతో వెలుపలికి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దినుండియు ఇది తగ్గిపోవుచుండగా, సేకరించువారే దీనిని నాశనము చేయుచున్నారని తలచి, కొన్నిచోట్ల కంచెలు కట్టి కాపాడజూచిరి. కంచె మనుష్యులతో పాటు పశువులను గూడ ఆపినది. దానికి తోడు 1950 తరువాత మిక్సొమటోసిస్ అను రోగమున కుందేళ్లు చచ్చినవి. గడ్డి పెరిగినది, తైము నిలిచియే యున్నది, కాని చిలుకలు పోయినవి. జెరెమీ థామస్ అను శాస్త్రజ్ఞుడు డార్ట్‌మూర్ అంచున మిగిలిన తుదిగుంపు కడ నిలిచి ఏండ్ల తరబడి పరిశీలించి, రహస్యమును కనుగొనెను. ఆ ఎఱ్ఱచీమకు సూర్యునివేడి సోకు నేల కావలెను. గడ్డి మూడు సెంటీమీటర్లు మించి పెరిగిన నేల చల్లబడి, ఆ చీమ పోయి మఱియొక జాతి చీమ వచ్చును. ఆ క్రొత్తచీమల పుట్టలో ఈ పురుగు బ్రతుకదు. ఈ సత్యము తెలియువఱకే ఆలస్యమై, 1979లో ఆ చిలుక బ్రిటన్‌లో అంతరించినది. 1983 నుండి స్వీడన్ దేశపు పురుగులను తెచ్చి, తగినట్లు మేపిన పచ్చికలపై విడువగా, నేడు అది నైరృతి ఇంగ్లాండులో తిరిగి ఎగురుచున్నది. ప్రేమతో కట్టిన కంచె ప్రాణము తీయగా, మేసిన పశువు ప్రాణము నిలిపినది.

అట్లని మేత ఎంతైనను మేలే యని తలపరాదు. స్కాట్లండులోని గ్లెన్ ఫింగ్లస్ కొండలలో 2003 నుండి జరిగిన ప్రయోగము ఈ విషయమున మిక్కిలి బోధప్రదము. అచ్చటి నేలను భాగములుగా విభజించి, ఒకదానియందు హెక్టారునకు సుమారు 2.7 గొఱ్ఱెలను, ఒకదానియందు అందు మూడవవంతును, ఒకదానియందు అంతే మేతభారము గల గొఱ్ఱెలను పసులను కలిపి మేపి, మఱియొకదానిని మేతలేక విడిచిరి. మెడో పిపిట్ పక్షులు పలుచగా గొఱ్ఱెలు, పసులు కలిసి మేసిన భాగముననే హెచ్చుగా గూళ్లు కట్టినవి. మేతలేని భాగమున పురుగులును, పొలపు ఎలుకలును హెచ్చినవి. ఉత్తర ఇంగ్లాండు కొండలలో మేతను తగ్గించినచోట నల్ల గ్రౌస్ పక్షులు మొదట పెరిగినవి; పెద్ద విస్తీర్ణములందు ఐదాఱేండ్లు అట్లే విడిచిన పిదప గడ్డి మిక్కిలి ఎత్తై, పెంటికోళ్లు తగ్గుట మొదలిడినవి. అనగా ఒక ప్రాణికి అమృతమైనది వేఱొకదానికి విషము. ఒక దశలో మేలు చేసినది మఱియొక దశలో కీడు చేయును. శాశ్వతముగా సరిపోవు సంఖ్య యొకటి ఎచ్చటనో దాగియున్నదనియు, దానిని కనుగొన్న చాలుననియు తలచువారికి కొండ యిచ్చు సమాధానమిది.

అట్లయిన చేయదగినదేమి? పశువు, ఋతువు, నీరు, ప్రతిఫలము అను నాలుగు విషయములను కలిపి చూడవలెను. గొఱ్ఱె పెదవులతో ఏరి, మెత్తని చిగుళ్లను పూలను కొఱికి తినును. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి పెఱికి, ఎంపిక లేక మేయును. గుఱ్ఱము పండ్లతో మొదలంట కొఱుకును, శీతకాలమున గరుకైన ముండ్లపొదను గూడ నములును. కావున మొలీనియా పచ్చిగా నుండు మే మొదలు జూలై వఱకు గట్టిజాతి పసులను, కొండగుఱ్ఱములను దానిపైకి తోలినచో, వాని నోరు గడ్డిని తగ్గించును, గిట్టలు దుబ్బులను చీల్చి మొలకలకు చోటిచ్చును. శరత్కాలము వచ్చినంతనే హెదర్ ఉన్న తావులనుండి గొఱ్ఱెలను దింపినచో పొద కోలుకొనును. ఋతువునకు గల ప్రాధాన్యము ఐర్లండులోని బర్రెన్ సున్నపురాతి కొండలలో మఱింత స్పష్టము; అచ్చటి రైతులు పసులను శీతకాలముననే కొండపైకి తోలుదురు. వేసవిలో నోరు తగులకుండుటచే పూలు పూసి విత్తు రాల్చును. శీతకాలపు మేతచే ఎండుగడ్డి తొలగి మఱుసటి యేటి పూలకు వెలుతురు కలుగును. అచ్చట మేలైనది డార్ట్‌మూర్‌లో కీడగును; ఆయా నేల తీరెఱిగి నడచుకొనుటయే ధర్మము.

నీటి విషయమున, పూర్వపు కాలువలకు చిన్నచిన్న కట్టలు వేసి పీట్ నేలను తిరిగి తడుపు పని డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్ కొండలపై జరుగుచున్నది. నేల తడిసినచోట స్ఫాగ్నమ్ తిరిగి పెరుగుటకు వీలగును. కొందఱు కాపరులకు దీనిపై శంకలు గలవు. పసులు దిగబడునేమో, మేత తగ్గునేమో యని. వారితో కలిసి తిరిగి, కట్ట యెచ్చట వేయవలెనో వారినడిగి చేసినచోట ఆ శంకలు తగ్గును. ప్రతిఫలము విషయమున, 2010 ప్రాంతమున రెండు ఉమ్మడి భూములపై డార్ట్‌మూర్ ఫార్మింగ్ ఫ్యూచర్స్ అను ప్రయత్నము మొదలైనది. అందు ఎన్ని పశువులు, ఏ తేదీన అని అధికారులు నిర్ణయించుటకు బదులు, కావలసిన ఫలితము నిర్ణయింపబడెను. దానిని సాధించు మార్గమును హక్కుదారులే యోచించుకొని, నేల స్థితిని తామే పరిశీలించి నమోదు చేయునట్లు ఏర్పాటాయెను. ఆజ్ఞలను మోయు కూలివానికంటె ఫలితమునకు బాధ్యుడగు రక్షకుడు శ్రద్ధగా చూచుననుటలో సందేహము లేదు. ఇటీవల పసుల మెడకు ఉపగ్రహసంకేతము నందుకొను పట్టీలు కట్టి, పటముపై గీచిన గీత దాటబోవునపుడు ధ్వనితో హెచ్చరించి మరల్చు పద్ధతియు బ్రిటన్‌లో పలుచోట్ల వచ్చినది. కంచె వేయరాని ఉమ్మడి కొండలపై మేతను కావలసినచోటికి త్రిప్పుటకు ఇది మంచి సాధనము.

సాధనములున్నను నమ్మకము లేనిచోట పని సాగదు. 2023లో కొండరక్షణకై హక్కుదారులకు పైకమిచ్చు పాత ఒప్పందముల గడువు తీరుచుండగా, వానిని పొడిగించుటకు మేతను, విశేషించి శీతకాలపు మేతను, మిక్కిలి తగ్గింపవలెనని ప్రకృతిరక్షణ సంస్థయైన నేచురల్ ఇంగ్లండ్ తెలుపగా, హక్కుదారులలో గొప్ప కలవరము పుట్టినది. ఆ సంస్థ వాదము నిరాధారము గాదు. చట్టరక్షణ గల శాస్త్రీయస్థలములలో అధికభాగము దుస్థితిలో నున్నట్లు వారి పరిశీలనలు చెప్పుచుండెను, చట్టప్రకారము వారు మిన్నకుండరాదు. హక్కుదారుల వాదమును నిరాధారము గాదు. ముప్పదియేండ్లుగా చెప్పినట్లు తగ్గించుచునే వచ్చితిమి, కొండ బాగుపడలేదు, ఇంకను తగ్గించినచో మందలు కొండను మఱచును, పొలములు మూతపడునని వారి గోడు. సంగతి పార్లమెంటునకెక్కగా, ప్రభుత్వము డేవిడ్ ఫర్స్‌డన్ అధ్యక్షతన ఒక స్వతంత్రసంఘమును నియమించెను. ఆ యేటి డిసెంబరులో వెలువడిన నివేదిక ఇరుపక్షములకును హితము చెప్పినది: మొలీనియా విజృంభణమును ప్రధానసమస్యగా గుర్తింపవలెననియు, వేసవిలో పసులు, గుఱ్ఱములు హెచ్చుగా మేయునట్లు చేసి, శీతకాలమున గొఱ్ఱెలను అదుపులో నుంచవలెననియు, అందఱును కూర్చుండి నిర్ణయించుటకు ఒక ఉమ్మడి వేదికను ఏర్పఱుపవలెననియు సూచించినది. ఇరువురి నడుమ సన్నగిల్లిన నమ్మకమును తిరిగి నిలుపుట ఆ నివేదికలో పేర్కొన్న మార్గములన్నిటికిని మూలము.

పశువులను పూర్తిగా తొలగించి, అడవిని తనంతట రానిండని చెప్పువారి మాటను గూడ గౌరవముతో వినవలెను. వారి వాదమున బలము కలదు. విస్ట్‌మన్స్ వుడ్ అను ప్రాచీనపు పొట్టి ఓక్ చెట్ల వనము డార్ట్‌మూర్ నడుమ బండల మధ్య బ్రతికియున్నది. బండల సందులలో మొలచి పశువు నోటికందనివి నిలిచి, వెలుపల మొలచినవి మేయబడుటయే దానికి కారణము. ఏటిలోయలలోను, నిట్రమైన వాలులపైనను చెట్లు పెరిగిన వరద తగ్గును, నీరు చల్లబడి చేపలు బ్రతుకును, ఎన్నియో పక్షులకు చోటు కలుగును. అట్టి తావులలో మేతను ఆపుట మంచిదే. కాని పీట్ నేలపై చెట్లు లేచిన నీరు తగ్గి నేల యెండును. బయళ్లను కోరు కర్ల్యూ, గోల్డెన్ ప్లోవర్ వంటివానికి చెట్లు శత్రువులకు నెలవులగును. ప్రపంచమున సంతానమును కను కర్ల్యూలలో సుమారు నాల్గవవంతు బ్రిటన్‌లోనే యున్నవని పక్షిశాస్త్రజ్ఞుల లెక్క. అట్టి పక్షి అచ్చట నశించిన, ఆ నష్టమును వేఱొకచోట పూరించుట కష్టము. కొండయంతయు అడవి కావలెననుటకంటె, కొండలో అడవికి తగినచోటు అడవికి, బయలుకు తగినచోటు బయలుకు అని విభజించుటయే ప్రాణికోటికి మేలు.

ఈ విషయము మనకు దూరపుది గాదు. ఆ కర్ల్యూ జాతి పక్షులే ఉత్తరాసియానుండి శీతకాలమున కోరింగ, పులికాట్ తీరములకు వచ్చుచుండును. అంతకంటె ముఖ్యముగా, కర్నూలు సీమలోని రోళ్లపాడు పచ్చికబయళ్లలో మనమును ఇదే ప్రశ్నను ఎదుర్కొంటిమి. బట్టమేకపిట్ట రక్షణకై 1988లో అచ్చట అభయారణ్యమును స్థాపించిరి. రక్షణవలన కృష్ణజింకలు విస్తారముగా పెరిగినవి. అవి చుట్టుపట్ల పైరులపై బడగా రైతులకు అభయారణ్యముపై విముఖత కలిగినది. కాలువనీరు వచ్చి పైరుల తీరు మారినది. ఎవరికొఱకు ఆ స్థలము కాపాడబడెనో ఆ పిట్ట క్రమముగా కనుమరుగైనది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షిసరస్సులో 1982లో గేదెల మేతను నిషేధింపగా, గడ్డి పెరిగి నీటిని మూసివేసి పక్షులకే కీడు చేసినదని దీర్ఘకాల పరిశీలనలో తేలినది. మన గొల్లలును, కురుమలును మెట్టభూములలో మందలు త్రిప్పుచు, కోసిన పొలములలో మందలు నిలిపి ఎరువునిచ్చుచు వచ్చిన పద్ధతి, గ్రంథములకంటె అనుభవమున నిలిచిన శాస్త్రము. పచ్చికబయళ్లను బంజరులని వ్రాసి, చెట్లు నాటుటకో కర్మాగారములకో ఇచ్చివేయు అలవాటు మనకు కలదు; అట్లిచ్చునపుడు అచ్చటి పిట్టయు, కాపరియు ఒక్కసారే నిరాశ్రయులగుదురు.

అందుచేత మేత, వన్యప్రాణిరక్షణ అనునవి ఒకదానికొకటి విరోధులని ముందే తీర్పు చెప్పుకొని మొదలిడిన విధానము ఎచ్చటను ఫలింపదు. ప్రభుత్వము తలల లెక్కకు ధనమిచ్చినపుడు కొండ చెడినది. తలలు తగ్గించుటకు మాత్రమే ధనమిచ్చినపుడును కొండ బాగుపడలేదు. ఈ రెండు అనుభవములు నేర్పిన పాఠము ఒక్కటియే: ప్రజాధనమును కొండ స్థితికి చెల్లింపవలెను, ఆ స్థితిని కనిపెట్టు పనిని కాపరికి జీతముతో అప్పగింపవలెను, కాపరి పరిశీలనను శాస్త్రజ్ఞుడు ఏటేట సరిచూచి, తప్పున్న దిద్దవలెను. నాచు పెరిగినదా, పొద కోలుకొన్నదా, పక్షిపిల్లలు రెక్కలు తొడిగినవా యని కొలుచుట శాస్త్రజ్ఞునకు తెలియును. ఆ ఫలితమునకై ఏ మందను ఏ వాలుకు ఏ నెలలో త్రిప్పవలెనో కాపరికి తెలియును. ఒకరి విద్య లేక రెండవవారి విద్య నిరర్థకము. మంచి కాపరికి గౌరవప్రదమైన జీవనము కల్పింపలేని దేశము తన కొండలను చట్టములతో మాత్రమే కాపాడజాలదు. డార్ట్‌మూర్ హక్కుదారుల బిడ్డలు తమ తల్లిదండ్రుల వృత్తిని చేపట్టుదురా, మానుదురా యనుదానిపైననే ఆ కొండల పక్షుల భవిష్యత్తు చాలవఱకు ఆధారపడియున్నది. వారు చేపట్టుటకు తగిన పరిస్థితిని కల్పించుట, పక్షులను ప్రేమించువారందఱి ప్రథమకర్తవ్యము.